ఇల్లా, క్వార్టరా?

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ మధ్య ఏ తగువు మొదలైనా కాసేపటికి రైలెక్కేస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళ మనవలం, మునిమనవలం మేము. పెళ్ళి సంబంధమైనా, గుడి చందా అయినా పాసు, క్వార్టరు, పెన్షను అనకుండా మాకు మాట పెగలదు. కంప్యూటర్ ఆటల తాళాల మీద మొదలైన వాదన టికెట్ చెకింగ్ దగ్గరికి వెళ్ళిందంటే అందుకే నాకు వింతనిపించలేదు.

గోల్‌బజార్‌కి దగ్గర్లో ఒక కంప్యూటర్ రిపేరు కొట్టు. నా ల్యాప్‌టాప్ ఫ్యానులో చేరిన ఎర్రదుమ్ము దులిపించుకుందామని వెళ్ళాను. ఈ ఊళ్ళో ఆ దుమ్ము చేరని వస్తువు లేదు. కొట్టు నడిపే అతనికి నలభై దాటాయి. అతని మేనమామ బళ్ళలో టికెట్లు చూసి రిటైరైన మనిషి. పొద్దు వాలేసరికి మట్టి భాండంలో టీ పట్టుకుని అక్కడికి చేరతాడు. ఆ రోజు హైదరాబాద్ నుంచి సెలవులకు వచ్చిన మనవణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. వాడు కార్ల ఆట కావాలని పేచీ పెడితే, కొట్టు నడిపే మేనల్లుడు అటక మీంచి చెప్పుల పెట్టె ఒకటి దించాడు. నిండా పాత ఆటల డిస్కులు.

మొదట పెట్టింది ఒరిజినల్. 2006లో తొలి జీతంతో కోల్‌కతా వెళ్ళి కొన్నది. డ్రైవులో గిర్రున తిరిగింది, రెండుసార్లు టక్కుమంది, తెర మీద నీలం వలయం కాసేపు తిరిగి మాయమైంది. అంతే. తర్వాత మార్కర్ పెన్నుతో పేరు రాసిన ఇంకో డిస్కు పెట్టాడు. అదీ అదే ఆట, అప్పట్లో బజారులో యాభై రూపాయలకు దొరికిన కాపీ. కార్లు బయల్దేరాయి. పిల్లవాడు కుర్చీ లాక్కున్నాడు. ఇక్కడ మొదలైంది.

అల్లుడు: చూశారా మావయ్యా? డబ్బు పోసి కొన్నది నోరు మెదపలేదు. దొంగది పాడుతోంది.

మావయ్య: ఇరవై ఏళ్ళు అటక మీద పడేస్తే ఏదైనా పాడవదా?

అల్లుడు: డిస్కు మీద గీత కూడా లేదు, చూడండి. పాడైంది తాళం. ఆ రోజుల్లో సేఫ్‌డిస్క్, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్ అని రకరకాల తాళాలుండేవి. సేఫ్‌డిస్క్ సంగతే తీసుకోండి. డిస్కు అచ్చువేసేటప్పుడే కొన్నిచోట్ల కావాలని తప్పులు పెట్టేవాళ్ళు. మామూలు రైటరులో కాపీ కొడితే ఆ తప్పులు సరిగ్గా దిగవు. ఆట మొదలయ్యే ముందు వాటిని వెతుక్కుంటుంది. తప్పులుంటే అసలు, లేకపోతే నకలు.

మావయ్య: బాగుంది కదరా. నోటులో గాంధీ గారి నీటి బొమ్మ లాగ.

అల్లుడు: నోటుని ఎవరైనా వెలుతురుకి పెట్టి చూసుకోవచ్చు. ఈ తప్పుల్ని చూడ్డానికి విండోస్ లోపల ఒక డ్రైవరు కాపలా ఉండాలి. ఆ కాపలావాడిలోనే లొసుగు బయటపడింది. దాన్ని పట్టుకుని ఎవడైనా కంప్యూటర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోవచ్చు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఆ డ్రైవరుకి చోటే ఇవ్వలేదు. సెప్టెంబరులో అప్‌డేట్ పంపి పాత విండోస్‌లలో కూడా ఆపేసింది. ఈ పెట్టెలోదీ అలాంటి తాళమే. తాళంచెవి నా దగ్గరుంది, గేటు తీసేవాణ్ణి ఉద్యోగంలోంచి పీకేశారు.

మావయ్య: మరి ఆ యాభై రూపాయలది?

అల్లుడు: దానికి గేటే లేదు. అమ్మినవాడు ముందే ఊడబీకి పడేశాడు.

మావయ్య టీ తాగడం పూర్తిచేసి భాండాన్ని బుట్టలో వేశాడు. ఇలాంటి వాదనకి ఆయన తగిన మనిషి. ముప్ఫై ఏళ్ళకు పైగా టికెట్ లేనివాళ్ళ కథలు విన్నవాడు.

మావయ్య: ఒరే, నేను బోగీలోకి ఎక్కానంటే టికెట్ ఉన్నవాడు జేబులో చెయ్యి పెట్టేవాడు, లేనివాడు బాత్రూం వైపు నడిచేవాడు. అడిగినందుకు ఉన్నవాడు నామోషీ పడ్డం నేను చూడలేదు. నేను అడక్కపోతే ఏటయ్యేది? రెండు నెలల్లో బోగీలో ఒక్కడూ టికెట్ తీసేవాడు కాదు. మీ ఆటల తాళం కూడా అంతే. దొంగని ఆపలేకపోవచ్చు, దొరని దొరలాగ ఉంచుతుంది.

అల్లుడు: మీరు ఒకసారి చూసి, టికెట్ మీద గీత గీసి వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత హాయిగా పడుకునేవాళ్ళం. వీళ్ళ చెకింగ్ అలా కాదు. 2010 మార్చిలో యూబీసాఫ్ట్ అసాసిన్స్ క్రీడ్ 2ని పీసీకి విడుదల చేసింది. ఒక్కడే కూర్చుని ఆడే ఆట. అయినా ఆడుతున్నంతసేపూ ఇంటర్నెట్ ఉండాలి, కంపెనీ సర్వరు ప్రతి క్షణం ఊఁ కొడుతూ ఉండాలి. విడుదలైన మొదటి వారాంతంలోనే సర్వర్లు కుప్పకూలాయి. కొన్నవాళ్ళలో కొందరు ఆట బయట నిలబడ్డారు. హౌరాలో టికెట్ కొనుక్కుని ఎక్కాం, గార్డెన్ రీచ్ హెడ్డాఫీసులో ఫోన్ ఎత్తలేదని బండిని బాలిచక్‌లో ఆపేస్తే మీరు ఊరుకుంటారా?

మావయ్య: బండి ఊరికే బాలిచక్‌లో ఆగిన రోజులు కూడా ఉన్నాయిలే.

అందరం నవ్వాం. ఆయన అబద్ధం చెప్పలేదు.

అల్లుడు: 2008లో స్పోర్ అని ఒకటొచ్చింది. కొన్న ఆటని మూడు కంప్యూటర్ల మీద మాత్రమే యాక్టివేట్ చేసుకోవాలి. మూడే కదా, చాలవా అంటారు. నా కొట్టు చూడండి. వైరస్ వస్తే ఫార్మాట్ కొడతాం, హార్డ్ డిస్క్ పోతే మారుస్తాం, పిడుగు పడితే మదర్‌బోర్డు మారుస్తాం. కాలవైశాఖి గాలివానల రోజుల్లో వారానికి నాలుగు మదర్‌బోర్డులు ఈ బల్ల మీదకొస్తాయి. ఇలాంటి మార్పు జరిగితే దాని లెక్కలో అది కొత్త కంప్యూటరే. మూడు పిడుగులకి ఆట ఖతం. జనం గోల పెట్టాక మూడుని అయిదు చేశారు. ఇంత చేసి ఏం సాధించారు? ఆ ఏడాది టొరెంట్లలో అందరికంటే ఎక్కువమంది దించుకున్న ఆట అదేనని లెక్క తేలింది.

మావయ్య: అదే నేను అడుగుతున్నాను. అంతమంది దించుకున్నారు కదా, వాళ్ళెవరు? నీలాంటివాళ్ళు కాదా? ఈ పెట్టెలో మార్కర్ పెన్ను రాతలెన్ని ఉన్నాయో లెక్కపెట్టనా?

అల్లుడు పెట్టె మూత దగ్గరికి లాక్కున్నాడు. నేను అప్పటికే లెక్కపెట్టేశాను. పాతికకి పైనే ఉంటాయి. అచ్చు బొమ్మతో ఉన్నవి అయిదు.

అల్లుడు: దాచుకునేదేముంది? నేను ఆట నేర్చుకున్నదే దొంగ కాపీ మీద. బడి పక్కన కంప్యూటర్ సెంటరులో ప్రిన్స్ ఆఫ్ పర్షియా. మొదటి లెవెల్ దాటగానే ఒక గది వస్తుంది. నేల మీద సీసాలు, ఒక్కో సీసా పైన ఒక ఇంగ్లీషు అక్షరం. ఆటతో వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాట తీసి, దాని మొదటి అక్షరం ఉన్న సీసా తాగమంటుంది. తప్పు సీసాలు తాగుతూ పోతే చస్తాడు. మా సెంటరులో ఫ్లాపీ ఉంది, పుస్తకం లేదు. నలుగురు పిల్లలం చచ్చి చచ్చి, ఏ పేజీకి ఏ అక్షరమో లెక్కల నోట్‌బుక్కు చివరి పేజీలో రాసుకున్నాం. అది మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆ తాళం మీద నాకు కోపం రాలేదు మావయ్యా. అది దొంగనే పట్టుకుంది, పుస్తకం ఉన్నవాణ్ణి ఆపలేదు. పైగా ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇవాళైనా పుస్తకం దగ్గరుంటే ఆ గది దాటొచ్చు.

ఈ చివరి మాట నాకు నచ్చింది. ఆ తాళానికి ఏ కంపెనీ బతికుండాల్సిన పని లేదు. కాగితం బతికుంటే చాలు.

మావయ్యకి మాత్రం ఇంకేదో తగిలింది. మనవడి తల మీద చెయ్యి వేశాడు.

మావయ్య: వీడి తల్లి ఏం పని చేస్తుందో తెలుసు కదా నీకు?

అల్లుడు: ఆటల కంపెనీలో బొమ్మలు వేస్తుంది.

మావయ్య: బొమ్మలు అంటే? ఒక కారు చక్రం. వానలో తడిస్తే ఎలా మెరుస్తుంది, బురద ఎలా చిందుతుంది. అదొక్కటే నాలుగు నెలలు చేసింది. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఆఫీసులోనే ఉండేది. మొత్తం ఆట చెయ్యడానికి మూడేళ్ళు. విడుదలైన రోజే ఎవడో పెట్టేస్తే, ఎవడో దించుకుంటే, ఆ మూడేళ్ళ జీతం ఎక్కడినుంచొస్తుంది? ఒక సంగతి అదే చెప్పింది నాకు. 2013లో అన్నదమ్ములిద్దరు గేమ్ డెవ్ టైకూన్ అని చిన్న ఆట చేశారు. తాళం పెట్టలేదు, ధర కూడా తక్కువే. ఇంకో తమాషా చేశారు. దొంగ కాపీ ఒకటి వాళ్ళే తయారుచేసి టొరెంట్లలో వదిలారు. ఆటలో నువ్వు ఒక ఆటల కంపెనీ నడపాలి. దొంగ కాపీ ఆడేవాడికి కొంతసేపయ్యాక, నీ ఆటల్ని జనం కాపీ కొట్టేస్తున్నారని వస్తుంది, కంపెనీ దివాలా తీస్తుంది. మొదటి రోజు లెక్క చూసుకుంటే, డబ్బిచ్చి కొన్నది 214 మంది, దొంగది ఆడింది 3,104 మంది. ఏట్రా ఇది? అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

అల్లుడు కాసేపు ఏమీ అనలేదు. కార్ల ఆటలో పోలీసు సైరను ఒక్కటే వినిపిస్తోంది. ఆ లెక్కకి జవాబు చెప్పడం కష్టం. తాళం చెడ్డదని తిట్టేవాళ్ళు చాలామంది, అసలు తాళమే లేనిచోట కూడా చెయ్యి పెట్టారు. దీన్ని నేను అల్లుడి పక్షాన ఉండే ఒప్పుకుంటున్నాను.

అల్లుడు: సరే, అది తప్పే. కానీ ఆ 3,104 మందిలో కొనగలిగినవాళ్ళెందరు? 2006లో నా జీతానికి ఒరిజినల్ కొనడం పండగ. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో 2015లో రూపాయల్లో ధరలు పెట్టారు, ఆ తర్వాత ఫోన్‌తో డబ్బు కట్టడం వచ్చింది. అప్పట్నించి నేను మార్కర్ డిస్కు ముట్టలేదు. పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ అని ఒక కంపెనీ ఉంది. 1994లో మొదలుపెట్టారు, దొంగ కాపీలు సంతలో అమ్ముకునే దేశం. 1999లో బాల్డర్స్ గేట్ అనే ఆటని వాళ్ళ భాషలో మాట్లాడించి, డబ్బాలో మ్యాపులూ అవీ పెట్టి అమ్మితే జనం కొన్నారు. తర్వాత వాళ్ళే సొంతంగా విచర్ ఆటలు చేశారు. మూడోది 2015లో వాళ్ళ సొంత దుకాణం గాగ్‌లో తాళం లేకుండానే పెట్టారు. అన్నిచోట్లా కలిపి ఆ ఆట అయిదు కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

మావయ్య: పేరు వచ్చాక తాళం తీసెయ్యడం గొప్పేటి? తిరుపతి లడ్డూకి అడ్వర్టైజుమెంటు కావాలా? అమ్మాయి చెప్పేది వేరు. అమ్మకమంతా మొదటి కొన్ని వారాల్లోనే. ఆ వారాలు తాళం నిలబడితే చాలు. తర్వాత ఊడిపోయినా బాధ లేదు.

అల్లుడు: ఇప్పుడు ఆ పని డెనువో అనే తాళం చేస్తోంది, ఆస్ట్రియాలో పుట్టింది, 2014 నుంచి ఉంది. మొదటి వారాలే ముఖ్యం అంటే ఒప్పుకుంటాను. తర్వాత తీసెయ్యండి మరి. కొందరు తీసేస్తున్నారు కూడా, వాళ్ళకి దండం. తియ్యనివాళ్ళ సంగతేంటి? 2021లో రెసిడెంట్ ఈవిల్ విలేజ్ పీసీలో కొన్నవాళ్ళకి సరిగ్గా దయ్యం మీద పడే క్షణంలో ఆట నత్తినత్తిగా ఆగేది. తాళం పీకిన దొంగ కాపీ నున్నగా నడిచింది. కంపెనీ ఆ తర్వాతే సరిచేసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటే కాలేది ఎలుకలు కాదు మావయ్యా.

మావయ్య: ఇల్లు, ఇల్లు అంటావు. అసలు నీ తగువంతా అక్కడే ఉంది. ఆట నీదనుకుంటున్నావు. మథురాకాటిలో క్వార్టరులో ఇరవై రెండేళ్ళున్నాం. పెరట్లో కరివేపాకు చెట్టు మీ అత్త పెట్టింది. పంపు మార్పించింది నేను, సున్నం వేయించింది నేను. నీ చెల్లెలి పెళ్ళికి పందిరి వేసింది ఆ వాకిట్లోనే. రిటైరయ్యాక గడువులోగా తాళాలు అప్పజెప్పి వచ్చేశాం. ఏడ్చామా? మనది కాదు కాబట్టి ఏడవలేదు. ఆట కూడా అంతే, ఆడుకోవడానికి ఇచ్చారు, ఆడావు.

అల్లుడు: అత్తయ్య ఏడ్చింది.

మావయ్య: చెట్టు కోసం ఏడ్చింది.

అల్లుడు: సరే. క్వార్టరులో ఉన్నందుకు నెలనెలా మీ జీతం చీటీలో కోత పడేది కదా. దాని పేరేంటి?

మావయ్య జవాబు చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాడు. రైల్వేలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు ఆ మాట. క్వార్టరు అద్దెని అద్దె అనరు.

మావయ్య: లైసెన్సు ఫీజు.

అల్లుడు: ఊఁ. మొదటి నెల నుంచి చెప్పారు మీకు, ఇది లైసెన్సు, ఇది ఎలాట్‌మెంటు, ఫలానా రోజు ఖాళీ చెయ్యాలి అని. సేల్ డీడ్ చేతిలో పెట్టి, ఇరవై రెండేళ్ళ తర్వాత వచ్చి, లోపల చిన్నక్షరాల్లో క్వార్టరని రాశాం చూసుకోలేదా అనలేదు. ఆటల వాళ్ళు అలాగే చేస్తున్నారు. డబ్బా మీద, వెబ్‌సైటు మీద పెద్దక్షరాల్లో కొనండి అని ఉంటుంది. లైసెన్సు అన్న మాట, ఎవడూ చదవని ఒప్పందంలో ఉంటుంది. ద క్రూ అని యూబీసాఫ్ట్ వాళ్ళ కార్ల ఆటే ఉంది. 2014లో అమ్మారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు కొన్నవాడికి మిగిలింది ప్లాస్టిక్కు బిళ్ళ. దాని మీదే యూరప్‌లో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అని ఉద్యమం లేచింది, సంతకాలు పది లక్షలు దాటాయి. కాలిఫోర్నియాలో అయితే చట్టమే చేశారు, 2025 జనవరి 1 నుంచి అమలు. ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయితే, ఆ సంగతి తేటగా చెప్పకుండా కొనండి అనే మాట వాడకూడదు.

మావయ్య: అది న్యాయం.

ఇంత తొందరగా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు, అల్లుడు కూడా అనుకోలేదు. అయితే ఆయన గెలిపించి వదిలేసే మనిషి కాదు.

మావయ్య: అమ్మినవాడిది తప్పే. మరి నువ్వు చేసేదేటి? నీ ఒరిజినల్ నడవలేదని తాళం పీకిన ఫైలు తెచ్చి వేసుకుంటావు. చట్టం ఒప్పుకుంటుందా?

అల్లుడు: కాపీరైటు చట్టంలో 2012లో 65ఎ అని సెక్షన్ చేర్చారు. తాళం పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. కానీ అందులో ఒక మాట ఉంది. హక్కులకి భంగం కలిగించే ఉద్దేశంతో పగలగొడితే అని. నేను కొన్నదాన్ని నేను ఆడుకోవడానికైతే ఆ ఉద్దేశం ఎక్కడుంది? సాఫ్ట్‌వేరు న్యాయంగా కొన్నవాడు, పాడైపోతుందేమోనని జాగ్రత్త కాపీ ఒకటి చేసుకోవచ్చని 52వ సెక్షన్‌లో ఉంది కూడా.

ఉద్దేశం అన్న మాట వినగానే మావయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇది ఆయన ఇలాకా.

మావయ్య: రైల్వే చట్టం, 1989. సెక్షన్ 137, మోసం చేసే ఉద్దేశంతో టికెట్ లేకుండా ఎక్కినవాడు. వాడికి జైలు కూడా ఉంది. సెక్షన్ 138, ఉద్దేశం సంగతి అడగం. టికెట్ చూపించలేకపోయావు, ఛార్జీ కట్టు, అదనపు ఛార్జీ కట్టు, కూర్చో. నా సర్వీసులో పనంతా ఈ రెండిటి మధ్య గీత గియ్యడమే. మొహం చూసి గీసేవాణ్ణి. ముసలమ్మ టికెట్ పారేసుకుందంటే 138. మూడోసారి అదే కథ చెప్పే కాలేజీ కుర్రాడికి 137.

అల్లుడు: నాకేది?

మావయ్య: మార్కర్ పెన్ను డిస్కులన్నిటికీ 137. వాటిలో ఉద్దేశం తప్ప ఇంకేటీ లేదు. ఈ ఒరిజినల్ దానికి 138. అంటే నువ్వు నిర్దోషివని కాదు. ఆ తాళం పీకిన ఫైలు నువ్వు చేసింది కాదు, ఎవడో పీకి ఊరందరికీ పంచింది. దాంట్లో ఇంకేం పెట్టాడో నీకు తెలీదు. కొట్టుకొచ్చిన కంప్యూటర్లలో సగం వైరస్‌లు అలా వచ్చినవేనని నువ్వే అంటుంటావు.

అల్లుడు: అది నిజమే. మరి నాకు డిస్కు అమ్మి, గేటు మూసేసి వెళ్ళిపోయినవాడికి ఏ సెక్షను?

మావయ్య: మా పుస్తకంలో లేదు. మేదినీపూర్‌లో వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ అడగాలి. 2019 చట్టం ప్రకారం కొన్న ఊరు కోల్‌కతా అయినా నువ్వున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వచ్చు. గడువు రెండేళ్ళు. నీది ఎప్పుడో దాటిపోయింది. అయినా రాసిపెట్టు, ఇంకోటి కొన్నప్పుడు పనికొస్తుంది. బిల్లుందా?

అల్లుడు డబ్బా తెరిచి, డిస్కు వెనక మడత పెట్టిన కాగితం తీశాడు. ఇరవై ఏళ్ళు దాచినవాడి గర్వం మొహంలో కనిపించింది. మడత విప్పి ట్యూబులైటు కిందకి పట్టాడు. మావయ్య కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు, నేనూ చూశాను. వేడికి అచ్చయ్యే రకం కాగితం అది. ఒక మూల సగం సున్నా తప్ప, కొట్టు పేరు లేదు, తేదీ లేదు, ధర లేదు.